గుండెలో మూలకణాలు నిలవాలంటే ఏ జెల్, ఏ ప్యాచ్? ఎంపికకు ఒక మార్గదర్శి

గుండె కండరంలోకి సూదితో నేరుగా ఎక్కించిన మూలకణాల్లో ఒక రోజు గడిచేసరికి అక్కడే మిగిలేవి చాలా ప్రయోగాల్లో పది శాతం లోపే. కరోనరీ ధమని గుండా పంపితే ఇంకా తక్కువ. 2005లో జర్మనీలో గుండెపోటు రోగుల మీద జరిగిన ఒక అధ్యయనంలో, రేడియో గుర్తు వేసి ధమనిలోకి పంపిన ఎముక మజ్జ కణాల్లో గంట తర్వాత గుండెలో కనిపించినవి 1.3 నుంచి 2.6 శాతం మాత్రమే. పెద్ద గుండెపోటులో దాదాపు వంద కోట్ల కండర కణాలు పోతాయన్నది గుర్తుంచుకుంటే, ఈ లెక్క ఎంత నిరాశ కలిగిస్తుందో తెలుస్తుంది.

ఈ నష్టాన్ని తగ్గించడానికి హైడ్రోజెల్‌లు (నీటిని పట్టి ఉంచే మెత్తటి జెల్‌లు), ప్యాచ్‌లు, కణాల పొరలు, సూక్ష్మ గుళికలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఏది మంచిదో విడిగా అడిగితే జవాబు దొరకదు. మీ కణాలు ఏ గంటలో పోతున్నాయో తెలిస్తే మాత్రం ఎంపిక చాలావరకు తనంతట తానే తేలిపోతుంది. చాలా ప్రయోగశాలల్లో ఈ పని తలకిందులుగా జరుగుతోంది. ముందు చేతిలో ఉన్న జెల్‌ను ఎంచుకుని, తర్వాత దానికి తగిన కారణం వెతుకుతున్నారు.

నష్టం ఎక్కడ జరుగుతోంది?

మొదటి నష్టం సూదిలోనే. వెడల్పాటి సిరంజి గొట్టం నుంచి సన్నని సూదిలోకి ద్రవం దూరే చోట వేగం ఒక్కసారిగా పెరిగి కణాలు సాగుతాయి, పొరలు చిరుగుతాయి. 2012లో వచ్చిన ఒక పరిశోధనలో, సుమారు 30 పాస్కల్ గట్టిదనం ఉన్న చాలా మెత్తటి ఆల్జినేట్ జెల్‌లో కలిపి పంపిన కణాలు ఈ సాగుడు నుంచి బాగా కాపాడబడ్డాయి. పల్చటి ద్రవంలో పంపినా, మరీ గట్టి జెల్‌లో పంపినా ఎక్కువ చనిపోయాయి. చేతికి జెల్ అనిపించని ఆ మెత్తదనమే ఇక్కడ పనికొచ్చింది.

రెండోది మొదటి నిమిషాల్లో. గుండె ఆగకుండా పిండుతూనే ఉంటుంది. ఎక్కించిన ద్రవం సూది చేసిన దారిలోంచే బయటికి చిమ్ముతుంది, మిగిలినది సిరల్లోకి చేరి ఊపిరితిత్తులకు పోతుంది. ఎలుక గుండె నిమిషానికి 300–400 సార్లు, చిట్టెలుక గుండె 500 సార్లకు పైగా కొట్టుకుంటుంది. మీ జెల్ గడ్డకట్టడానికి 30 సెకన్లు పడితే, చిట్టెలుకలో అది 250 పిండుళ్లను తట్టుకోవాలి.

మూడోది మొదటి మూడు రోజుల్లో. ఎప్పుడూ ఒక ఉపరితలాన్ని పట్టుకుని బతికే కణానికి పట్టు దొరక్కపోతే అది తనను తాను చంపుకుంటుంది. దానికి తోడు ఆక్సిజన్ అందదు, ఆక్సీకరణ ఒత్తిడి ఉంటుంది, వాపు తెచ్చే తెల్ల రక్తకణాలు ముట్టడిస్తాయి. నాలుగోది వారాల మీద జరిగేది: రోగనిరోధక తిరస్కారం, రక్తనాళాలు రాకపోవడం.

కాబట్టి పదార్థం కొనేముందు ఒక చిన్న ప్రయోగం చేయండి. జెల్ లేకుండా కణాలను ఎక్కించి 1 గంట, 24 గంటలు, 7 రోజులు, 28 రోజుల దగ్గర లెక్కపెట్టండి. గంటకే లెక్క పడిపోతే మీకు కావలసింది త్వరగా గడ్డకట్టే జెల్, లేదా గుండె పైన అతికించే ప్యాచ్. గంటకు బాగానే ఉండి మూడో రోజుకు కూలిపోతే కణాలకు పట్టు ఇచ్చే పదార్థం, బతికించే మందులు కావాలి. వారం తర్వాత జారిపోతుంటే ఏ జెల్ మార్చినా పెద్దగా లాభం ఉండదు. అది రోగనిరోధక సమస్యో, రక్త సరఫరా సమస్యో చూడాలి.

అంతకంటే ముందు కణాలను జంతువులో వాడే సూది గుండానే, అదే వేగంతో, ఒక ట్యూబులోకి పంపి చూడండి. చనిపోయిన కణాల్లోకే చేరే ట్రైపాన్ బ్లూ రంగుతో వెంటనే చూస్తే 90 శాతం బతికే ఉన్నట్టు కనిపించవచ్చు. అవే కణాలను 24 గంటలు పెంచి అనెక్సిన్ వీ పరీక్ష (చావుబాట పట్టిన కణాలను గుర్తించేది) గానీ, ఎల్‌డీహెచ్ కొలత (పొర చిరిగిన కణం నుంచి కారే ఎంజైమ్‌ను కొలిచేది) గానీ చేస్తే అసలు దెబ్బ బయటపడుతుంది. సూదిలో తగిలిన గాయం చాలాసార్లు ఆలస్యంగానే చంపుతుంది.

కణం నిలవాలా, రసాలు వదిలితే చాలా?

పదార్థం ఎంపికను రెండుగా చీల్చే ప్రశ్న ఇది. ఎముక మజ్జ, కొవ్వు లాంటి చోట్ల దొరికే మెసెన్‌కైమల్ మూలకణాలు గుండె కండరంగా మారడం చాలా అరుదు. అవి వదిలే వృద్ధి కారకాలు, సూక్ష్మ సంచుల వల్లే మేలు జరుగుతుందన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే మాట. అలాంటప్పుడు కణం గుండెతో కలవనక్కర్లేదు, కొన్ని వారాలు బతికి పనిచేస్తే చాలు. ఏ రకం కణంగానైనా మారగల ప్లూరిపోటెంట్ కణాల నుంచి తయారైన కండర కణాల సంగతి వేరు. అవి పక్క కణాలతో విద్యుత్ బంధం కలుపుకుని కలిసి కొట్టుకోవాలి. వాటిని కరగని గోడలో పెడితే ప్రయోజనమే ఉండదు. ఇంచుమించు ఒకే రకం ఆల్జినేట్ మొదటి పనికి గొప్ప ఎంపిక, రెండో పనికి పనికిరానిది.

ఫైబ్రిన్

ఛాతీ తెరిచి చేసే ప్రయోగాల్లో మొదట ప్రయత్నించదగినది ఇదే అని మా అభిప్రాయం. రక్తం గడ్డకట్టించే ప్రోటీన్లు ఫైబ్రినోజెన్, థ్రాంబిన్ రెండూ కలిస్తే సెకన్లలో జెల్ అవుతుంది, కణాలకు సహజంగానే పట్టు దొరుకుతుంది, ఒకటి రెండు వారాల్లో శరీరమే కరిగించుకుంటుంది.

తప్పు జరిగేది పాళ్లలో. శస్త్రచికిత్సల్లో వాడే ఫైబ్రిన్ జిగురులో ఫైబ్రినోజెన్ మి.లీ.కి 70 నుంచి 100 మి.గ్రా. దాకా, థ్రాంబిన్ మి.లీ.కి 400 యూనిట్ల పైన ఉంటుంది. రక్తం ఆపడానికి అది సరే. కణాలు అంత దట్టమైన వలలో కదలలేవు, సాగలేవు. ఫైబ్రినోజెన్‌ను మి.లీ.కి 5–20 మి.గ్రా.కు పల్చన చేయండి. థ్రాంబిన్‌ను తగ్గిస్తే గడ్డకట్టే సమయం పెరుగుతుంది, దాన్ని మీ సూది పనికి తగ్గట్టు సరిచూసుకోండి. రెండు గొట్టాల సిరంజి వాడి, రెండూ కొసలోనే కలిసేలా చూడాలి. ముందే కలిపితే సూది మూసుకుపోతుంది.

ఇంకో చిక్కు ఏమిటంటే, మెసెన్‌కైమల్ కణాలే ఫైబ్రిన్‌ను కరిగించే ఎంజైములను పుట్టిస్తాయి. కణాల సాంద్రత ఎక్కువైతే రెండు వారాలు ఉండాల్సిన జెల్ కొద్ది రోజుల్లోనే మాయమవుతుంది. ఆ ఎంజైములను అడ్డుకునే అప్రోటినిన్ కలిపితే ఆ వేగం తగ్గుతుంది. థ్రాంబిన్ జఠరికలోకి (గుండె కింది గదిలోకి) గానీ ధమనిలోకి గానీ జారితే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది కనుక క్యాథెటర్ (రక్తనాళం గుండా గుండె దాకా పంపే సన్నని గొట్టం) పద్ధతికి దీన్ని ఎంచుకోవద్దు.

మనుషుల్లో అనుభవం ఉండటం ఫైబ్రిన్‌కు పెద్ద బలం. పారిస్‌లో ఫిలిప్ మెనాషే బృందం పిండ మూలకణాల నుంచి తయారుచేసిన గుండె పూర్వకణాలను ఫైబ్రిన్ ప్యాచ్‌లో పెట్టి ఆరుగురు రోగులకు అమర్చింది. 2018లో వెలువడిన ఆ ఫలితాల్లో కణితులు గానీ గుండె లయ సమస్యలు గానీ కనిపించలేదు.

ఆల్జినేట్

గోధుమరంగు సముద్రపు నాచు నుంచి వచ్చే ఈ పదార్థం కాల్షియం తగిలితే గడ్డకడుతుంది. చవక, మెత్తగా ఉంటుంది, గట్టిదనాన్ని కావలసినట్టు మార్చుకోవచ్చు. దీని లోపం ఒక్కటే, కానీ పెద్దది: కణాలు దీన్ని పట్టుకోలేవు. ఆర్‌జీడీ పెప్టైడ్ (కణాలు పట్టుకోగల చిన్న ప్రోటీన్ ముక్క) అతికించని ఆల్జినేట్‌లో పెట్టిన కణాలు గుండ్రంగా ఉండిపోయి క్రమంగా చనిపోతాయి. క్షీరదాల్లో దీన్ని కరిగించే ఎంజైమ్ లేదు. కాల్షియం నెమ్మదిగా సోడియంతో మారితేనే వదులవుతుంది.

తయారీలో తరచూ జరిగే తప్పులు కొన్ని ఉన్నాయి. ఫాస్ఫేట్ బఫర్‌లో కలిపితే కాల్షియం ఫాస్ఫేట్‌గా దిగిపోతుంది, జెల్ సరిగా కట్టదు. ఉప్పునీటిలోనో హెపీస్ బఫర్‌లోనో కలపండి. కాల్షియం క్లోరైడ్ పోస్తే తగిలిన చోట ఒక్క క్షణంలో ముద్ద కట్టి, మిగతాది నీళ్లుగా మిగులుతుంది. అంతటా సమానంగా రావాలంటే కాల్షియం కార్బొనేట్‌ను గ్లూకోనో డెల్టా లాక్టోన్‌తో నెమ్మదిగా విడుదల చేయించాలి, లేదా కాల్షియం గ్లూకోనేట్ వాడాలి. ఆటోక్లేవ్ చేస్తే (అధిక పీడన ఆవిరితో శుద్ధి చేస్తే) గొలుసులు తెగి చిక్కదనం పడిపోతుంది కాబట్టి పల్చటి ద్రావణాన్ని 0.22 మైక్రాన్ వడపోతతోనే శుద్ధి చేయండి. అన్నిటికంటే ముఖ్యంగా ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా నుంచి వచ్చే విషం) తక్కువ ఉన్న శుద్ధ రకమే కొనాలి. ఆహార పరిశ్రమ రకంతో చేసిన ప్రయోగంలో కణాలను చంపింది గుండెపోటా, మలినమా అన్నది ఎప్పటికీ తేలదు.

కణాలు లేకుండా ఆల్జినేట్ ఒక్కటే మనుషుల్లో పరీక్షకు వెళ్లింది. గుండెపోటు తర్వాత 4 మి.లీ. ద్రవ ఆల్జినేట్‌ను కరోనరీ ధమని గుండా ఇచ్చిన ప్రిజర్వేషన్–1 ప్రయోగంలో సుమారు 300 మంది పాల్గొన్నారు. జఠరిక సాగిపోవడాన్ని అది ఆపలేకపోయింది. గట్టి ఆల్జినేట్‌ను శస్త్రచికిత్సతో గోడలోకే ఎక్కించిన ఆగ్మెంట్–హెచ్‌ఎఫ్ ప్రయోగంలో రోగుల వ్యాయామ శక్తి మెరుగుపడింది. ఇవ్వాల్సిన దారిని బట్టి, రోగి దశను బట్టి ఫలితం ఎంత మారుతుందో ఇవి చూపిస్తాయి.

రసాలు వదిలే కణాలకు ఆల్జినేట్ గుళికలు నిజంగా బాగుంటాయి. మానవ మెసెన్‌కైమల్ కణాలను గుళికల్లో బంధించి, పీఈజీ (పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే కృత్రిమ పాలిమర్) జెల్ ప్యాచ్‌తో ఎలుక గుండెకు అతికించినప్పుడు కణాలు ఎక్కువ నిలిచాయి, మచ్చ తగ్గింది. ఇది 2013 నాటి పని. గుళికల వ్యాసం కొన్ని వందల మైక్రాన్లు దాటనివ్వకండి, నడిమి కణాలకు ఆక్సిజన్ చేరదు. వాటిని ధమనిలోకి ఎప్పుడూ పంపకూడదు. గుళికలు లేకుండా మెసెన్‌కైమల్ కణాలే 15–25 మైక్రాన్లు ఉంటాయి, కేశనాళికలు 7–8 మైక్రాన్లే. కుక్కల్లో ధమని ద్వారా పంపిన ఈ కణాలు చిన్న చిన్న గుండెపోట్లు తెచ్చిన దాఖలా ఉంది.

కొలాజెన్, మాట్రిజెల్

మొదటి రకం కొలాజెన్‌ను మంచు మీద ఉంచి, క్షారంతో పీహెచ్ 7.2–7.4కు తెచ్చి, కణాలు కలిపి 37 డిగ్రీల దగ్గర పెడితే 20–30 నిమిషాల్లో గడ్డకడుతుంది. కొట్టుకునే గుండెలోకి ఎక్కించడానికి అది మరీ నెమ్మది. బయట తయారుచేసి అమర్చే కండర ముక్కలకు మాత్రం దీన్ని మించింది తక్కువ. గోటింగెన్‌లో వుల్ఫ్రామ్ జిమ్మర్‌మాన్ బృందం ఐపీఎస్ కణాల (మామూలు కణాలను వెనక్కి మార్చి చేసిన ప్లూరిపోటెంట్ కణాల) నుంచి వచ్చిన కండర కణాలను, బంధక కణాలను కొలాజెన్‌లో కలిపి కొట్టుకునే ప్యాచ్‌లు చేస్తోంది. రీసస్ కోతుల్లో, ఒక రోగిలో ఆ కండరం నిలిచిందని 2025లో ప్రచురించింది. కొలాజెన్‌తో పనిచేసేవారు మూడు విషయాలు చూసుకోవాలి: పీహెచ్ తప్పితే జెల్ ముద్దలుగా వస్తుంది, మంచు మీద గంటకు మించి ఉంచితే కణాలు అడుగుకు చేరతాయి, లాట్ (తయారీ విడత) మారితే గట్టిదనం మారుతుంది. ప్రతి లాట్‌నూ కొలవండి.

మాట్రిజెల్ చిట్టెలుక కణితి నుంచి తీసినది. జంతువుల్లో ఒక ఆలోచనను పరీక్షించడానికి సరే, మనుషుల దాకా తీసుకెళ్లాలనుకునే పనిని దాని మీద కట్టకండి. 2007లో మైకేల్ లాఫ్లామ్, చార్లెస్ మరీల పరిశోధక బృందం వాడిన ‘బతికించే మిశ్రమం’లో మాట్రిజెల్ ఒక భాగం మాత్రమే. మిగతావి ఐజీఎఫ్–1, సైక్లోస్పోరిన్, పినాసిడిల్, క్యాస్పేజ్ నిరోధకం, బీసీఎల్–ఎక్స్‌ఎల్ పెప్టైడ్. వాటితో పాటు ఎక్కించే ముందు రోజు కణాలకు 43 డిగ్రీల దగ్గర అరగంట వేడి తగిలించారు. మరణానికి దారులు చాలా ఉన్నప్పుడు ఒక్కటి మూస్తే చాలదన్నది ఈ పని నుంచి నేర్చుకోవాల్సినది. మీ జెల్ ఏదైనా సరే, ఈ మందుల జాబితాను దానితో కలిపి పరీక్షించండి.

హైలూరోనిక్ ఆమ్లం, గుండె మాతృక జెల్

క్యాథెటర్‌తో పని చేయాలంటే ముందు చూడాల్సినవి ఈ రెండూ. క్యాథెటర్ మీటరుకు పైగా పొడవు ఉంటుంది, దాని కొసన 27 గేజ్ సూది, పది పదిహేను చోట్ల ఎక్కించడానికి చాలా నిమిషాలు, ఒక్కోసారి గంట దాకా పడుతుంది. అంతసేపూ శరీర వేడిలో ఉన్న గొట్టంలో జెల్ గడ్డకట్టకూడదు. బయటికి రాగానే గడ్డకట్టాలి. చాలా పదార్థాలు ఇక్కడే ఓడిపోతాయి.

హైలూరోనిక్ ఆమ్లాన్ని కణాలు తమ పైనుండే సీడీ44 అనే గ్రాహకం ద్వారా గుర్తిస్తాయి. మార్చని రూపంలో కొద్ది రోజుల్లో కరిగిపోతుంది. థయాల్ సమూహాలు తగిలించి, జెలటిన్‌తో కలిపి పీఈజీతో అల్లిన రూపం గుండె మూలకణాలను చిట్టెలుకల్లో బాగా నిలిపింది. ఒత్తితే పారి, వదిలితే మళ్లీ కట్టుకునే అడమాంటేన్–సైక్లోడెక్స్‌ట్రిన్ రూపం క్యాథెటర్‌కు ఇంకా అనువైనది. అది సూదిలో కణాలనూ కాపాడుతుంది.

పంది గుండె కండరం నుంచి కణాలన్నీ కడిగేసి, పెప్సిన్‌తో జీర్ణం చేసి, తటస్థం చేసిన మాతృక (కణాల చుట్టూ ఉండే సహజ అల్లిక) 37 డిగ్రీల దగ్గర జెల్ అవుతుంది. వెంట్రిజెల్ అనే ఈ రకం కణాలు లేకుండా 15 మంది రోగుల్లో క్యాథెటర్ ద్వారా సురక్షితంగా ఇవ్వగలిగారని 2019లో తేలింది. ప్రయోగశాలలో తయారుచేసుకుంటే మిగిలిన డీఎన్‌ఏ ఎండు బరువులో మి.గ్రా.కు 50 నానోగ్రాముల లోపు ఉందో లేదో తప్పక చూడాలి. కడగడానికి వాడిన డిటర్జెంట్ కాస్త మిగిలినా కణాలు చనిపోతాయి. చివరి కడుగులు తగ్గించి సమయం మిగుల్చుకోవద్దు.

పీఈజీ, స్వయంగా అల్లుకునే పెప్టైడ్‌లు

ఇవి పూర్తిగా కృత్రిమం. ఒక్కో గుణాన్ని విడివిడిగా మార్చి చూడాలనుకునే పరిశోధనకు వీటిని మించినవి లేవు. పట్టుకు ఆర్‌జీడీ, కరగడానికి ఎంఎంపీ (కణాలు వదిలే ఎంజైములు) కోసే పెప్టైడ్, రెండూ మీరే పెట్టాలి. ఏదైనా మరిస్తే కణం జైల్లో ఉన్నట్టే. మాలీమైడ్–థయాల్ పద్ధతి తటస్థ పీహెచ్ దగ్గర సెకన్లలో గడ్డకడుతుంది, కలిపేలోపే ముద్దలొస్తాయి. పీహెచ్ కాస్త తగ్గించి పని చేయండి. పెప్టైడ్ ద్రావణాలు ఆమ్లంగా ఉంటాయి. కణాలను వాటిలో నేరుగా వేస్తే నిమిషాల్లో చనిపోతాయి, అందుకే చక్కెర ద్రావణంలో కలిపి వెంటనే మీడియంతో తటస్థం చేయాలి.

విద్యుత్ ప్రవహించే జెల్‌ల గురించి ఆకర్షణీయమైన పేపర్లు చాలా వస్తున్నాయి. కణాలే నిలవని చోట ప్రవాహం ఎవరి కోసం? నిలిచే సమస్య తీరాకే వాటి జోలికి వెళ్లమని సలహా.

ఎక్కించడమా, అతికించడమా?

పైన అతికించే ప్యాచ్‌లో సూది గాయం లేదు, కొట్టుకుపోవడం చాలా తక్కువ. బదులుగా ఆక్సిజన్ సమస్య వస్తుంది. రక్తనాళం నుంచి 100–200 మైక్రాన్లు దాటితే కణానికి ఆక్సిజన్ చాలదు. మందంగా చేసిన ప్యాచ్ నడుమ కణాలు మొదటి రెండు రోజుల్లోనే చనిపోతాయి. కణాలను ఇంకా దట్టించడం దీనికి మందు కాదు, పోటీ పెరిగి చావు పెరుగుతుంది. పల్చగా చేయడం, రక్తనాళ గోడ కణాలను కలపడం, ఒమెంటంతో (పొట్టలోని రక్తనాళాలు నిండిన కొవ్వు పొరతో) కప్పడం లాంటివే పనిచేస్తాయి.

పదార్థమే లేని దారి ఒకటుంది. వేడికి స్పందించే పాలిమర్ పూసిన పాత్రలో కణాలను పెంచి, 32 డిగ్రీల కిందికి చల్లార్చితే పొర మొత్తం తన మాతృకతో సహా లేచి వస్తుంది. జపాన్‌లో అలా తయారైన కండర మూలకణాల పొరకు 2015లో షరతులతో అనుమతి దొరికింది. 2024లో దాని సమర్థత నిరూపణ కాలేదని నిపుణుల కమిటీ తేల్చింది. పొర బాగా అతుక్కున్నంత మాత్రాన రోగికి మేలు జరుగుతుందని అనుకోకూడదు.

సూదితోనే చేయాల్సి వస్తే కొన్ని చిన్న విషయాలు పెద్ద తేడా తెస్తాయి. చిట్టెలుకకు ఒక చోట 10–20 మైక్రోలీటర్లు మించకండి. మామూలు సూది తలలో మిగిలిపోయే ద్రవమే అంతకంటే ఎక్కువ ఉంటుంది, కాబట్టి మిగులు తక్కువ ఉండే సిరంజి వాడకపోతే మీరు ఇచ్చిన మోతాదు మీకే తెలియదు. గోడ మిల్లీమీటరు మందమే ఉంటుంది, నిలువుగా గుచ్చితే జఠరికలోకి పోతుంది. ఏటవాలుగా, మచ్చలో కాక దాని అంచున గుచ్చి, ఎక్కించాక 10–30 సెకన్లు ఆగి తీయండి.

మా ఎంపికలు

ఛాతీ తెరిచి, ఎలుకల్లో, మెసెన్‌కైమల్ కణాలతో మొదలుపెడుతున్నారా? మి.లీ.కి 10 మి.గ్రా. ఫైబ్రిన్. వేరే జాతి కణాలు ఇస్తూ రసాలే కావాలనుకుంటే ఆల్జినేట్ గుళికలు, పైన ప్యాచ్. కొత్త కండరమే లక్ష్యమైతే కొలాజెన్ ప్యాచ్. లేదా బతికించే మిశ్రమంతో నేరుగా ఎక్కించడం, కానీ అప్పుడు గుండె లయను వారాల తరబడి రోజంతా రికార్డు చేయాల్సిందే. 2014లో కోతుల్లో వంద కోట్ల కండర కణాలు ఎక్కించినప్పుడు కణాలు నిలిచాయి, వాటితో పాటే లయ తప్పడమూ వచ్చింది. మనుషుల దాకా క్యాథెటర్‌తో వెళ్లాలనుకుంటే మొదటి రోజు నుంచే హైలూరోనిక్ లేదా మాతృక జెల్‌తో పనిచేయండి, మధ్యలో మారిస్తే అన్నీ మళ్లీ చేయాలి.

పోలికను పాడుచేసేవి

కణాలు లేని జెల్ ఒక్కటే ఇచ్చిన జంతువుల గుంపు తప్పనిసరి. ఏ జెల్ అయినా పల్చబడిన గోడను మందం చేసి దాని మీద ఒత్తిడి తగ్గిస్తుంది, కణాలు అన్నీ చనిపోయినా గుండె పనితీరు కాస్త మెరుగ్గా కనిపించవచ్చు. అంటే ఎకో (గుండె అల్ట్రాసౌండ్) ఫలితం కణాలు బతికాయనడానికి సాక్ష్యం కాదు.

మానవ కణాలను ఎలుకలకు ఇస్తే రోగనిరోధకత లేని జాతిని వాడండి, లేదా నిరోధక మందు అన్ని గుంపులకూ ఒకే మోతాదులో ఇవ్వండి. సైక్లోస్పోరిన్ తానే కణ మరణాన్ని తగ్గిస్తుంది, ఒక గుంపుకే ఇస్తే లెక్క చెడుతుంది.

చివరగా లెక్కింపు. ఐరన్ ఆక్సైడ్ గుర్తు వేసి ఎంఆర్‌ఐతో చూస్తే, కణం చనిపోయాక ఆ ఇనుమును మింగిన మాక్రోఫేజ్‌లు (చెత్తను మింగే రోగనిరోధక కణాలు) వారాల తరబడి నల్లటి మచ్చలుగా కనిపిస్తూనే ఉంటాయి. బతికిన కణాలే కనిపించాలంటే లూసిఫరేజ్ (బతికిన కణంలో వెలుగు పుట్టించే ఎంజైమ్) వెలుగు మంచిది. ఖచ్చితమైన సంఖ్య కావాలంటే గుండె మొత్తం రుబ్బి, మానవ అలూ వరుసను (మానవ డీఎన్‌ఏలో పదే పదే వచ్చే భాగాన్ని) గానీ, మగ కణాలను ఆడ జంతువుకు ఇచ్చినప్పుడు వై క్రోమోజోమ్ జన్యువును గానీ క్వాంటిటేటివ్ పీసీఆర్‌తో కొలవాలి. దాని పక్కనే, తెలిసిన సంఖ్యలో కణాలు కలిపిన గుండెతో ప్రామాణిక రేఖ గీయాలి. అదే జెల్‌ను అందులోనూ కలపండి, ఎందుకంటే ఆల్జినేట్ లాంటి పాలిసాకరైడ్‌లు పీసీఆర్‌ను అడ్డుకుంటాయి.